రంగుల పద్దు

ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులేశారు. హైకోర్టు, ఆపై సుప్రీంకోర్టు కాదనేసరికి 2020లో చెరిపారు. పట్టాదారు పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మేశారు. 2024లో గద్దె మారాక రాజముద్రతో మళ్లీ అచ్చేయించారు. అన్న క్యాంటీన్లు 2019లో మూశారు, 2024లో తెరిచారు. వేయడానికో బిల్లు, తీయడానికో బిల్లు. రెండూ జనం పద్దులోనే!

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లోనేమో ఏటా ఇళ్లకు తాళాలు. తట్టాబుట్టా, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) జనం పోయాక, ఆ రంగులు చూసేదెవరు?

దుబారా తగ్గాలంటే నిపుణుల కమిటీలెందుకు? రంగుల బిల్లు పార్టీ ఆఫీసుకే పంపాలని ఒక్క జీవో ఇచ్చి చూడండి. డబ్బా మూత కూడా ఎవరూ తీయరు!