ఒక స్వీడిష్ ఉల్లి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: నూ స్టేకెర్ యాగ్ లోకెన్ ఇ స్మోరెట్.

అవతారిక: షోట్‌బుల్లార్ అనే మాంసపు ఉండలు చేయబూనిన కవి, పొయ్యి మీద పెనం పెట్టి, వెన్న కరిగిన శుభముహూర్తాన తన సంకల్పాన్ని చెప్పుకుంటున్నాడు.

ప్రతిపదార్థము: నూ = ఇప్పుడు; యాగ్ = నేను; లోక్+ఎన్ = ఆ ఉల్లిపాయను; స్మోర్+ఎట్ ఇ = ఆ వెన్నలో; స్టేకెర్ = వేయించుచున్నాను.

తాత్పర్యము: ఉల్లిపాయ వేగుతోంది.

విశేషములు: అన్వయం కోసం టీకాకారుడు క్రియను చివరికి లాక్కొచ్చాడు గానీ మూలంలో అది కదలదు. మామూలుగా ‘యాగ్ స్టేకెర్’ అనాలి. ‘నూ’ వచ్చి ముందు కూర్చోగానే ‘యాగ్’ లేచి క్రియ వెనక్కి వెళ్లింది. ప్రధాన వాక్యంలో ముందు ఎవరున్నా రెండో పీట క్రియదే. ఆ క్రియకు పురుషభేదం, వచనభేదం లేవు. అత్తగారు వేయించినా కొత్త కోడలు వేయించినా స్టేకెర్ అంటే స్టేకెరే, గౌరవ బహువచనంతో పని లేదు. చివరి ‘ఎర్’ తీసేసి ‘స్టేక్ లోకెన్’ అంటే వంటపుస్తకపు ఆజ్ఞ. నిన్నటి వేపుడైతే ‘స్టేక్తె’.

వెన్న ఎంతో కవి చెప్పలేదు. వంటపుస్తకాలు చెబుతాయి: మాట్‌షేద్ అంటే 15 మిల్లీలీటర్లు, టేషేద్ 5, మసాలాలు కొలిచే క్రిద్‌మోట్ 1.

ఇక అసలు చిక్కు. ‘ఆ ఉల్లిపాయ’లోని ‘ఆ’ స్వీడిష్‌లో నామవాచకం తోకకు అంటుకుంటుంది. ప్రత్యయాలు తగిలించడం మనకు వెన్నతో పెట్టిన విద్యే కనుక ఇందులో కష్టం లేదు.

పూర్వపక్షము: అయితే ఉల్లికి ‘ఎన్’, వెన్నకు ‘ఎట్’ ఎందుకు? రెండూ ప్రాణం లేనివే కదా?

సమాధానము: మన మహదమహత్తుల లెక్క అక్కడ చెల్లదు. పూర్వపు పుంలింగ స్త్రీలింగాలు కలిసిపోయి ‘ఎన్’ వర్గమైంది, నపుంసకం ‘ఎట్’గా మిగిలింది. ఏడ్చే బిడ్డ (బార్న్) ‘ఎట్’లో ఉంది, ఏడిపించే ఉల్లి ‘ఎన్’లో ఉంది! పాలు (మ్యోల్క్) ‘ఎన్’, పిండి (మ్యోల్) ‘ఎట్’. గుడ్డు, ఉప్పు, మాంసం, రొట్టె ‘ఎట్’ పక్షం. బంగాళాదుంప, మీగడ ‘ఎన్’ పక్షం. ఇందులో తర్కం వెతికేలోగా ఉల్లి మాడుతుంది. ఎక్కువ మాటలు ‘ఎన్’వే కాబట్టి తోచనప్పుడు అదే అనేయమని కొందరి సలహా. ఈ టీకాకారుడికి అది సమ్మతం కాదు, వంటింట్లో అడుగడుగునా ‘ఎట్’లే తగులుతాయి.

కాబట్టి చదువరులారా, ‘లోక్’ అని వల్లించకండి, వర్గాన్ని ముందు పెట్టి ‘ఎన్ లోక్’ అనండి. ‘స్మోర్’ అనకండి, ‘ఎట్ స్మోర్’ అనండి. క్రియల సంగతి వారంలో తెములుతుంది, ముందు సరుకుల చీటీ రాసుకోండి.