80 డిగ్రీల మడి

మన ఇళ్లలో ఈ మధ్య కొత్త మడి ఒకటి మొదలైంది. పాత మడికి తడిబట్ట ఉండేది, దీనికి థర్మామీటరు ఉంది. నీళ్లు 80 డిగ్రీలు దాటకూడదు. గ్రీన్ టీ బ్యాగు మూడు నిమిషాల మీద ఒక్క క్షణం మునగకూడదు. తీశాక దాన్ని పిండకూడదు. పంచదార తగలకూడదు, పాలు అసలే సోకకూడదు. పరగడుపునే తాగాలని ఒకరు, పరగడుపున తాగితే కడుపు పాడవుతుందని ఇంకొకరు. సరే, ఇంత నిష్ఠకూ ఫలశ్రుతి ఏమిటయ్యా అంటే పొట్ట కరుగుతుందట, షుగరు దిగుతుందట, క్యాన్సర్ గుమ్మంలోంచే వెనక్కి పోతుందట. వ్రతకథల్లో కూడా ఇన్ని ఫలాలు చెప్పరు.

మా పై అంతస్తు వదినగారింట్లో ఈ తంతు దగ్గరుండి చూశాను. కెటిల్‌లో నీళ్లు మరిగాక ఆవిడ మూత తీసి, థర్మామీటరు ముంచి, “92... 89...” అని పైకి చదువుతూ నిలబడ్డారు. 80 పడగానే గాజు కప్పులోకి వంచి, దారం పట్టుకుని బ్యాగు దించారు. అది కాసేపు మునగనని మొరాయించింది. చెంచాతో తలమీద నొక్కితే మునిగి, అడుగునుంచి పచ్చటి చారలు వదిలింది. ఫోనులో గంట మోగాక బ్యాగు తీసి, పెద్ద చెంచాడు తేనె వేసి, వగరు తెలియకుండా పోయేదాకా కలిపారు. “కొవ్వు కరిగిపోతుంది వదినగారూ” అని నాకూ ఒక కప్పు ఇచ్చారు. హాల్లో అన్నయ్యగారు మిరపకాయ బజ్జీల పొట్లం విప్పుతున్నారు. పంచదార మైల, తేనె మాత్రం మడి! ఆ పెద్ద చెంచాడు తేనెలో 60 క్యాలరీల పైమాటే.

అసలు ఈ 80 ఎక్కడిది? ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. నాలుక తెలిసినవాళ్లు పెట్టుకున్న లెక్క. జపాన్‌లో సెంచా ఆకుకు 70 నుంచి 80 డిగ్రీల నీళ్లు పోస్తారు. కోతకు ముందు నీడపట్టున పెంచే గ్యొకురో ఆకుకైతే 50, 60 చాలు. మరిగిన నీళ్లను యుజమాషి అనే చిన్న గిన్నెలోకి వంచి చల్లార్చుకుంటారు. ఆకులో కమ్మదనం ఇచ్చే థియనైన్ తక్కువ వేడిలోనూ నీళ్లలోకి దిగుతుంది. వగరూ చేదూ తెచ్చే క్యాటెచిన్లూ, కెఫీనూ బాగా దిగాలంటే వేడి కావాలి. వేడి తగ్గిస్తే వగరు తగ్గి కమ్మదనం తేలుతుంది, అంతే సంగతి. అదే జపాన్‌లో, వేయించిన హోజిచా ఆకు మీద సలసల కాగే నీళ్లే పోస్తారు. ఎవరూ ప్రాయశ్చిత్తం చేసుకోరు. చైనాలో పొద్దున్నే సీసాలో ఇంత ఆకు పడేసి, సాయంత్రందాకా వేడినీళ్లు కలుపుకుంటూ తాగేవాళ్లకు లెక్కలేదు. వాళ్లకు మూడు నిమిషాల గంట మోగదు.

తిరకాసు ఇక్కడే ఉంది. మనవాళ్లు మందు, మందు అని మొక్కేది ఆ క్యాటెచిన్లకే, ముఖ్యంగా ఈజీసీజీ అనేదానికి. అది ఎక్కువ కావాలంటే నీళ్లు బాగా కాగాలి, ఆకు ఎక్కువసేపు నానాలి, మూతి వంకరపోయేంత చేదు రావాలి. అంటే మందు కోసం తాగుతూ, ఆ మందు సరిగ్గా దిగకుండా కాపలా కాస్తున్నామన్నమాట. పోనీ రుచికోసమే ఈ పాట్లు అందామా? ఆ రుచిని తేనెలో ముంచి నిమ్మకాయ పిండాం కదా!

థర్మామీటరుకు ఆరోగ్యంతో బొత్తిగా సంబంధం లేదనను. 65 డిగ్రీలు దాటిన పానీయం, అది టీ కానీ ఉత్త వేడినీళ్లు కానీ, అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కాబట్టి కొలవాల్సింది నోట్లో పోసుకునే ముందు. మనం ఆకు మీద పోసేముందు కొలిచి, ఆనక పొగలు కక్కుతుండగా ఊదుకుంటూ తాగుతున్నాం.

టీకి మహిమలు అంటగట్టడం కొత్తేమీ కాదు. ఎయిసాయ్ అనే జపాన్ బౌద్ధ భిక్షువు 1211లోనే టీ తాగితే ఆయుష్షు పెరుగుతుందని పుస్తకం రాశాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సన్యాసి, పోనిద్దురూ. 2006లో కోకా-కోలా, నెస్లే కంపెనీలకు ఏమొచ్చింది? గ్రీన్ టీ సారం కలిపిన ‘ఎన్విగా’ అనే డబ్బా పానీయం తెచ్చి, రోజుకు మూడు తాగితే 60 నుంచి 100 క్యాలరీలు ఖర్చవుతాయని ఊదరగొట్టాయి. తాగితే ఒళ్లు తగ్గే కూల్ డ్రింకు! అమెరికాలో 27 రాష్ట్రాలు నిలదీస్తే, 2009లో 6.5 లక్షల డాలర్లు కట్టి రాజీపడ్డాయి.

బరువు సంగతి, వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2012లో తేల్చారు. 18 అధ్యయనాలు, 1,945 మంది. కనీసం 12 వారాలు, అదీ మామూలు కప్పు కాదు, చిక్కటి గ్రీన్ టీ సారాలు. జపాన్ బయట జరిగిన అధ్యయనాల్లో సగటున తేలిన తేడా 0.04 కిలోలు, అంటే 40 గ్రాములు. లెక్కలో అది తేడా కిందే రాదన్నారు. అన్నయ్యగారి చేతిలోని ఒక్క బజ్జీతో అది చెల్లు.

నిజాయితీగా ఇంకో మాటా చెప్పాలి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40,530 మందిని 11 ఏళ్లు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఉంది. రోజుకు ఐదు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా లేదు. అయితే అది గమనించి రాసుకున్నదే తప్ప, తాగించి రుజువు చేసింది కాదు. పైగా వాళ్లు పుట్టిన దగ్గర్నుంచి మంచినీళ్లలా తాగుతున్నవాళ్లు. సోమవారం మొదలెట్టి గురువారం బెల్టు బిగించి చూసుకునే బాపతు కాదు. మనలో ఎవరైనా గ్రీన్ టీతో నిజంగా చిక్కారంటే, చాలావరకు ఆ పుణ్యం కప్పులో లేనిదానిది. రెండు చెంచాల పంచదారా, చిక్కటి పాలూ మానేశారు. ఉత్త మజ్జిగ తాగినా చిక్కేవారు.

కప్పుతో ఓపిక నశించినవాళ్లు మాత్రలకు ఎగబడుతున్నారు. నవ్వులాట అక్కడితో ఆగాలి. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తపరీక్షలో కనిపించవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మామూలుగా కాచుకుని తాగే టీతో సాధారణంగా ఆ భయం లేదంది.

మన మడిపుస్తకంలో అన్నీ ఉన్నాయి కానీ, ఉండాల్సిన ఒక్క నియమం మాత్రం లేదు. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలూ పప్పుల్లోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీల జోలికి పోవద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మనమేమో తిన్నది అరగాలని, చెయ్యి కడుక్కోగానే కెటిల్ పెడుతున్నాం. గోంగూర పప్పు తిని, దానిమీద గ్రీన్ టీ, ఆపైన ఐరన్ మాత్ర.

ఈ మాటే వదినగారికి చెప్పాను. “భోజనమయ్యాక ఓ గంట ఆగండి వదినగారూ, అప్పుడు తాగొచ్చు” అన్నాను.

ఆవిడ థర్మామీటరు తీసి నీళ్లలో పెట్టారు. “బావుంది, గంటాగితే 80 ఉంటుందా?”