ముద్దుపళని మీద నాటకం వేసేవాళ్లకు పెడసరపు సలహాలు

ముద్దుపళని పాత్రకు నటిని వెతకొద్దు. నాటకం అంతా ఆవిడ గురించే నడవాలి, ఆవిడ మాత్రం రంగం మీదికి రాకూడదు. సంభాషణలు దాదాపు అన్నీ మగవాళ్లకే ఇవ్వండి. బృందంలోని ఆడపిల్లలు కోప్పడతారు, కోప్పడనివ్వండి. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉండి ‘రాధికా సాంత్వనం’ అనే శృంగార కావ్యం రాసిన మనిషికి ఆ తర్వాత జరిగింది అదే కదా!

ఏడుపు సంగీతం అసలు పెట్టొద్దు. జాలిపడ్డ ప్రేక్షకుడు తేలిక మనసుతో ఇంటికి పోతాడు. నవ్వించండి, నవ్వుతూ నవ్వుతూ పొలమారాలి. అచ్చాఫీసు రంగం అందుకు బాగా పనికొస్తుంది. పైడిపాటి వెంకటనరసు అచ్చువేయించిన ‘రాధికా సాంత్వనం’ ప్రతిలో ముద్దుపళని పీఠిక లేదు. తన వంశంలో చదువుకున్న ఆడవాళ్ల గురించి, తనకు కవులు కృతులు అంకితమివ్వడం గురించి ఆమె గర్వంగా చెప్పుకున్నది ఆ పీఠికలోనే. కంపోజిటరు ఆ పీఠిక సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఊడదీసి గళ్లలో పడేస్తూ, పక్కవాడితో భోజనం సంగతి మాట్లాడాలి. ఆ టకటక చప్పుడు చివరి వరుస దాకా వినిపించాలి. ఈ రంగాన్ని తొందరగా ముగించొద్దు.

సంస్కర్త కందుకూరి వీరేశలింగం గారిని దుర్మార్గుడిగా చూపిస్తే నాటకం చచ్చిపోతుంది. 1881లో రాజమండ్రిలో వితంతువుకు పెళ్లి చేయించిన చెయ్యి అది. ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ముద్దుపళనిని సిగ్గులేనిదన్న చెయ్యి కూడా అదే. ఆయన్ని నిండు మర్యాదతో నిలబెట్టండి. అప్పుడు గాయని బెంగళూరు నాగరత్నమ్మను పంపండి. సిగ్గు ఆడవాళ్లకేనా, ఆయనే రాసిన ‘రసికజన మనోరంజనం’ సంగతేమిటని నిలదీసింది ఆవిడే. నాటకం మొత్తానికి ఒకే ఆడ గొంతు, అదీ గట్టిగా.

1910లో ఆవిడ పరిష్కరించిన ప్రతిని వావిళ్ల వారు అచ్చువేశారు, ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ పెద్దమనుషులంతా బల్ల చుట్టూ కూర్చుని, ఎవరూ చదవకూడదని తేల్చడానికి ఆ పద్యాలనే మళ్లీ మళ్లీ చదవాలి. దీనికి హాస్యం అతికించక్కర్లేదు, నటులు సీరియస్‌గా ఉంటే చాలు.

నిషేధం 1947లో పోయిందని చివర్లో చప్పట్లు కొట్టించొద్దు. గుమ్మం దగ్గర బల్ల వేసి, పుస్తకం ప్రతులు దొరికినన్ని తెచ్చి అమ్మండి. పీఠిక ఉన్న ప్రతే తేవాలి.