ఆకాశం మీద తువ్వాలు

పండగ ముందు రోజు కాంప్లెక్సులోకి బస్సు వచ్చీ రాకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే విద్యలో మనల్ని కొట్టేవాళ్లు లేరు. ఆ విద్యను ముప్ఫై వేల అడుగుల ఎత్తుకు తీసుకెళ్లిన ఘనత మాత్రం మన రక్షణ యంత్రాంగానికే దక్కాలి. బస్సులో తువ్వాలు వేసినవాడు ఎంత మొండివాడైనా కాసేపటికి ఎక్కి కూర్చుంటాడు. రాకపోతే పక్కనున్న పెద్దావిడ ఆ తువ్వాలు మడిచి అవతల పెట్టి తానే కూర్చుంటుంది. ఆకాశంలో అలాంటి పెద్దావిడ ఎవరూ లేరు.

నమ్మకం కుదరకపోతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెలువరించే ఏఐపీ అనే లావుపాటి పత్రం తిరగేయండి. నిషిద్ధం, నియంత్రితం, ప్రమాదకరం అంటూ మూడు రకాల గగనతలాల పట్టిక అందులో ఉంటుంది. ఒక్కో వరుసలో అక్షాంశ రేఖాంశాలు, కింది హద్దు, పై హద్దు, వేళలు. కొన్నిచోట్ల కింది హద్దు ‘నేల’, పై హద్దు ‘అపరిమితం’, వేళలు ‘హెచ్ 24’. అంటే రాత్రీ పగలూ, నేల మొదలుకుని పైకి ఎంత దూరమైనా సరే. ఈ లెక్కన చందమామ రోజూ అనుమతి లేకుండానే చొరబడుతున్నాడు. ఇప్పటిదాకా ఎవరూ నోటీసు ఇవ్వకపోవడం అతగాడి అదృష్టం.

మన ఆకాశంలో పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరికేది 60 శాతమేనని చెప్పింది నేను కాదు, సాక్షాత్తూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. 2020 మే 16న, కరోనా ప్యాకేజీ నాలుగో విడత ప్రకటిస్తూ అన్నారు. ఆంక్షలు సడలిస్తే ఏటా సుమారు రూ.1,000 కోట్ల లాభమని కూడా చెప్పారు. ముహూర్తం ఎంత బాగా కుదిరిందో చూడండి. అప్పటికి దేశంలో మామూలు ప్రయాణికుల సర్వీసు ఒక్కటీ నడవడం లేదు. లాక్‌డౌన్‌లో దేశీయ సర్వీసులన్నీ మార్చి 25 నుంచి నేల మీదే ఉన్నాయి. ఎగిరేవాళ్లు దాదాపు లేనప్పుడు ఆకాశం తెరుస్తామన్నారు. ఇక ప్రయోజనాల జాబితాలో ఇంధనం ఉంది, సమయం ఉంది, పర్యావరణం ఉంది. మనుషుల ప్రాణాలు మాత్రం ఆ జాబితాలోకి ఎక్కలేదు. నా పేచీ అంతా అక్కడే.

ఎందుకంటే ఆకాశాన్ని మూస్తే విమానాలు మాయమైపోవు, పక్కకు వస్తాయి. 40 శాతానికి తాళం వేస్తే దాని వాటా రద్దీ అంతా మిగిలిన 60 శాతంలో ఇరుక్కుంటుంది. తాళం వేసినవారి దస్త్రంలో అది ‘భద్రత’. ఇరుక్కున్నచోట దాన్ని ఏమంటారో 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాలు చూశాయి.

అప్పట్లో ఢిల్లీ చుట్టూ ఆకాశంలో చాలా భాగం వైమానిక దళం చేతిలో ఉండేది. పౌర విమానాలకు వదిలింది సన్నటి దారి. వచ్చేవీ పోయేవీ అందులోంచే, ఎదురెదురుగా. వాటిని వేరుచేసేది ఎత్తు ఒక్కటే. ఢిల్లీలో లేచి దహ్రాన్ వెళ్తున్న సౌదీ బోయింగ్ 747ను 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. చిమ్‌కెంట్ నుంచి వచ్చి దిగుతున్న కజఖ్‌స్థాన్ ఇల్యూషిన్‌ను 15,000 దగ్గర ఆగమన్నారు. అది ఆగలేదు, ఇంకా కిందికి దిగింది. కంట్రోలర్ ముందున్న పాతకాలపు రాడార్ తెరకు విమానం ఎక్కడుందో తెలుసు గానీ ఎంత ఎత్తులో ఉందో తెలియదు. రెండు విమానాల్లోని 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

తప్పు కజఖ్ విమానానిదేనని విచారణలో తేలింది. నిజమే, కాదనను. కానీ పైలట్ పొరబడతాడని తెలిసే కదా ఈ వ్యవస్థలన్నీ కట్టుకుంటాం! పైలట్లు పొరబడరనే నమ్మకం ఉంటే కంట్రోలర్లెందుకు, రాడార్లెందుకు? వచ్చేవాటికి ఒక దారి, పోయేవాటికి ఒక దారి ఉండి ఉంటే, ఆ వెయ్యి అడుగుల పొరబాటుకు ఎదురుగా ఇంకో విమానం ఉండేది కాదు. ఆ సంగతి ప్రమాదం తర్వాత మనవాళ్లకూ తట్టింది. రాకపోకల దారులు వేరుచేశారు. అప్పటిదాకా వీల్లేని దారి అప్పుడెలా దొరికిందో! ఆకాశమేమీ కొత్తగా పుట్టలేదు.

అదే ఏడాది మార్చిలో యూరప్ ఒక పద్ధతి మొదలుపెట్టింది. సైన్యానికి ఇంత, పౌరులకు ఇంత అని శాశ్వతంగా గోడ కట్టరు. మొత్తం ఆకాశాన్ని ఒకటిగా చూసి, ఏ రోజు ఎవరికి ఏ వేళ కావాలో ఆ రోజుకు పంచుకుంటారు. దాని పేరు ఫ్లెక్సిబుల్ యూజ్ ఆఫ్ ఎయిర్‌స్పేస్. సైన్యం ముందురోజే ఫలానా చోటు, ఫలానా ఎత్తు, ఫలానా గంటలు అని చెబుతుంది. విన్యాసం ముందే ముగిస్తే ఆ క్షణమే తిరిగి అప్పజెబుతుంది. మన దగ్గరా దీని మీద పుస్తకాలు రాశారు, కమిటీలు వేశారు, షరతులతో కొన్ని దారులు తెరిచారు. సంతోషం. అయితే దాన్ని ఇప్పటికీ ‘డీజిల్ ఆదా పథకం’లాగే చెప్పుకుంటున్నారు. ఇన్ని నిమిషాలు తగ్గాయి, ఇన్ని టన్నుల కర్బనం తగ్గింది అంటారు. రద్దీ విడిపోయి ఎన్ని విమానాలు ఒకదానికొకటి ఎడంగా జరిగాయో చెప్పే ప్రకటన నా కంటపడలేదు.

వేళల సంగతికొస్తే గోవాను మించిన పాఠ్యపుస్తకం లేదు. దబోలిమ్ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ హంస. ఉన్నది ఒకటే రన్‌వే. ఏళ్ల తరబడి అక్కడ సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఎనిమిదిన్నర మొదలు మధ్యాహ్నం ఒంటిగంట వరకు పౌర విమానాలకు ప్రవేశం లేదు. శిక్షణ వేళలు. శని, ఆదివారాలు మాత్రం ఎప్పుడైనా రావచ్చు. శత్రువులు కూడా ఆఫీసు టైము పాటిస్తారనీ, వారాంతంలో బీచ్‌కు పోతారనీ ఇంత ఘాటుగా నమ్మిన వ్యూహం ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

హాస్యం సరే, శిక్షణకు పగలు కావాలి, నిలకడైన వేళ కావాలి. కుర్ర పైలట్లను పాతిక ఎయిర్‌బస్‌ల మధ్య వదిలేయమని ఎవరూ అనరు. మన దుండిగల్‌లో, హకీంపేటలో ఎగరడం నేర్చుకునేవాళ్లకూ ఖాళీ ఆకాశం ఉండాల్సిందే. కాకపోతే నేవీ విమానం ఒక్కటీ లేవని పొద్దున కూడా ఆ నాలుగున్నర గంటలు అలాగే బిగుసుకుని ఉంటే పొద్దుటి రద్దీ ఎక్కడికి పోవాలి? మధ్యాహ్నానికీ రాత్రికీ పోయింది. సెలవుల కాలంలో వచ్చే జనమంతా ఒకే రన్‌వే మీద, మిగిలిన గంటల్లోనే దిగాలి. 2018 జనవరిలో అదే రన్‌వే మీద మిగ్-29కె ఒకటి అదుపు తప్పి పక్కకు జారి తగలబడింది. పైలట్ బయటపడ్డాడు. విమానాలు నిలిచిపోయాయి.

ఇలాంటి చిక్కుకు మనం కనిపెట్టిన పరిష్కారం అద్భుతం. వేళలు సర్దడం కష్టం కాబట్టి ఊరు మార్చేశాం. గోవాలో మోపా కట్టారు, 2023 జనవరిలో తెరిచారు. విశాఖలో ఐఎన్‌ఎస్ డేగా మీద నేవీ ఇచ్చిన స్లాట్లతో సర్దుకోలేక భోగాపురం వైపు చూశారు. కొత్త విమానాశ్రయాలకు ఇంకా కారణాలున్నాయి, కాదనడం లేదు. కానీ గడియారంతో తేలే పనికి కాంక్రీటు వాడడం మనకే చెల్లు. పైగా భోగాపురం విశాఖకు 45 కిలోమీటర్లే. నేల మీద అది గంట ప్రయాణం. దిగడానికి సిద్ధమవుతున్న జెట్‌కు ఐదారు నిమిషాలు. టెర్మినల్ మారుతుంది గానీ ఆకాశం మాత్రం ఆ పాత ఇరుగుపొరుగుదే.

ఇక ‘దేశ భద్రత’ అనే ముద్ర. ఆ ముద్ర పడ్డాక ప్రశ్న అడిగినవాడు దేశభక్తి సర్టిఫికెట్టు పట్టుకుని తిరగాలి. 2025 మేలో సైనిక విమానాశ్రయాల్లో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు దగ్గర, లేచేటప్పుడూ దిగేటప్పుడూ 10,000 అడుగుల లోపు కిటికీల తెరలు దించాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. అత్యవసర ద్వారం ఉన్న వరుసకు మాత్రం మినహాయింపు. ఆ వరుసలోని ప్రయాణికులు సహజంగానే నమ్మకస్తులని కాదు. రెక్క మీద మంటలు లేస్తే ఎవరో ఒకరు చూడాలి కదా! రన్‌వేని ఉపగ్రహాలు పైనుంచి తీరిగ్గా ఫొటోలు తీసుకుంటుంటే, పద్నాలుగో వరుసలో పాపను ఒళ్లో పెట్టుకున్న అమ్మ కిటికీ తెర దించడం వల్ల దేశం గట్టెక్కింది.

హద్దూ వేళా గీసి మళ్లీ తుడిచేయడం అసాధ్యమేమీ కాదనడానికి దూరం పోనక్కర్లేదు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరబోతోందంటే నోటామ్ వస్తుంది. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా, బంగాళాఖాతం మీద ఇదిగో ఈ మూలల మధ్య ఎవరూ రావద్దు అని. ప్రయోగం వాయిదా పడితే ఆ కాగితం మారుతుంది. పనైపోతే ఆకాశం మళ్లీ అందరిదీ. ఎప్పుడైనా రాకెట్టు ఎగరవచ్చు కదా అని సూళ్లూరుపేట నుంచి అండమాన్ దాకా ఏడాది పొడవునా మూసి కూర్చోలేదు. వందల టన్నుల రాకెట్టుకు కుదిరిన క్రమశిక్షణ ఒక శిక్షణ విమానానికి కుదరదంటే ఎలా?

ఇది మన ఒక్కరి జబ్బే అనుకుంటే పొరపాటు. అమెరికాలో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయం పక్కన పోటోమాక్ నది మీదుగా హెలికాప్టర్ల దారి ఉండేది. అక్కడ సైనిక హెలికాప్టర్లు 200 అడుగులు దాటకూడదు. 33వ నంబరు రన్‌వేకి దిగే విమానం అదే చోట అడ్డంగా పైనుంచి వస్తుంది. రెండు దారుల మధ్య ఎడం ఒకచోట 75 అడుగులకు పడిపోతుందని అక్కడి ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్క తేల్చింది. ఎప్పుడు? 2025 జనవరి 29 రాత్రి సైనిక బ్లాక్ హాక్, ప్రయాణికుల జెట్ ఢీకొని 67 మంది పోయాక. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా అక్కడ విమానం, హెలికాప్టర్ ప్రమాదకరంగా దగ్గరికొచ్చిన సందర్భాలు 15,214. వాటిలో 85 మరీ దగ్గర. ఇవన్నీ ప్రభుత్వం దగ్గర ఉన్న లెక్కలే. ప్రమాదం తర్వాతే ఆ దారి మూశారు.

అసలు రత్నం వేరే ఉంది. ఆ టవర్‌కూ పెంటగాన్‌కూ మధ్య ఉండాల్సిన హాట్‌లైన్ 2022 మార్చి నుంచి చచ్చి పడి ఉంది. ఆ సంగతి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు తెలిసింది 2025 మేలో, ఇంకో హెలికాప్టర్ వల్ల రెండు విమానాలు దిగకుండా మళ్లీ పైకి లేవాల్సి వచ్చాక. మూడేళ్లపాటు ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తి చూసుకోలేదన్నమాట. సమన్వయం అంటే అది!

ఇంతా చేసి, మూయాల్సినచోట మూస్తారా అంటే అదీ లేదు. తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం సాగుతుండగా 2014 జులైలో 32,000 అడుగుల దాకా మూశారు. 17వ తేదీన మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్ 17 ఎగురుతున్నది 33,000 దగ్గర. కాగితం ప్రకారం నిక్షేపంగా ఉంది. క్షిపణికి కాగితం చదవడం రాదు. 298 మంది పోయారు. ఆ రోజు మూసేదాకా అదే ఆకాశం మీదుగా 160 విమానాలు వెళ్లాయి. 2020 జనవరిలో టెహ్రాన్‌లోనూ ఇదే కథ. ఇరాన్ క్షిపణులు వదిలిన రాత్రే పౌర విమానాలు లేచాయి, ఇరాన్ క్షిపణికే ఒక విమానంలోని 176 మంది బలయ్యారు. ఖాళీ ఆకాశానికి తాళం, క్షిపణుల ఆకాశానికి తోరణం. గీతను ప్రమాదాన్ని బట్టి గీయకుండా అలవాటును బట్టీ పరువును బట్టీ గీస్తే జరిగేది ఇదే.

అమెరికాను ఇంత తిట్టాక ఒక మంచి కూడా చెప్పాలి. అక్కడ నియంత్రిత గగనతలాన్ని వాడుకునే సైనిక విభాగం ఏటా ఎఫ్‌ఏఏకు నివేదిక ఇవ్వాలి: ఎన్ని గంటలు ఆపి ఉంచాం, ఎన్ని గంటలు వాడాం, ఏ ఎత్తు దాకా వాడాం అని. వాడనిది ఉంటే హద్దు కుదించొచ్చు, వేళ తగ్గించొచ్చు. మనకు కావాల్సింది అంతకు మించి ఏమీ లేదు.

కాబట్టి మన రెండు రాష్ట్రాల ఎంపీలకు ఒక విన్నపం. వచ్చే సమావేశాల్లో ఎవరైనా ఒక్కరు నక్షత్రం గుర్తు ప్రశ్న వేయండి: సరిహద్దులను ఆనుకున్నవి వదిలేసి, దేశం లోపల ఉన్న ఒక్కో నియంత్రిత గగనతలాన్ని గత ఏడాది ఎన్ని గంటలు ఆపారు, ఎన్ని గంటలు వాడారు, దాని హద్దులూ వేళలూ చివరిసారి సమీక్షించింది ఏ సంవత్సరంలో? రహస్యమంటారా, ఒక ఏడాది ఆలస్యంగానే చెప్పమనండి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన శ్రీకాకుళం ఎంపీయే. ప్రశ్న తెలుగులో రాసినా ఆయనకు అర్థమవుతుంది. అది రక్షణ శాఖ పరిధిలోదని ఆయన అంటే, అదే కాగితం రాజ్‌నాథ్ సింగ్ గారికి పంపండి. ఇద్దరిలో ఎవరు జవాబిచ్చినా పరవాలేదు, ప్రమాదం జరగకముందు ఇస్తే చాలు.