నూనె చుక్కతో పోయే రోగాలా ఇవి?

మా రోజుల్లో సైకిల్ బ్రేకంటే ఇనుప కడ్డీలు, రబ్బరు ముక్కలు. పట్టకపోతే కారణం కంటికే కనిపించేది. సైదాబాద్ గల్లీలో సైకిల్ టాక్సీ, అంటే అద్దె సైకిళ్ల దుకాణం, నడిపేవాడి దగ్గర పానా అందించే పిల్లగాడు సైతం బిగించి పంపేవాడు. చైను కిర్రుమంటే నూనె చుక్క. అట్లాస్‌కైనా హెర్క్యులెస్‌కైనా అదే మందు.

ఇప్పుడు మావాడి సైకిల్‌కు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులట. సన్నని గొట్టంలో నూనె. లీవర్ నొక్కితే అది పిస్టన్లను తోస్తుంది, అవి ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. జబ్బు చేస్తే మాత్రం బయటికి ఏమీ కనబడదు. లీవర్ మెత్తగా హ్యాండిల్ దాకా పోతోందా? గొట్టంలో గాలి చేరిందన్నమాట. నూనె నలగదు, గాలి నలుగుతుంది. సిరంజితో కొత్త నూనె ఎక్కించి బుడగలు వెళ్లగొట్టాలి. ఆ నూనె కూడా ఏది పడితే అది పనికిరాదు: షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్, శ్రామ్‌లో చాలావాటికి డాట్ అనే బ్రేకు ద్రవం. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి.

బ్రేకు కీచుమందని మన పాత అలవాటుకొద్దీ నూనె కొట్టామా, ఖేల్ ఖతం! ప్యాడ్లు పీల్చుకుంటే చాలావరకు మార్చాల్సిందే. డిస్కునేమో స్పిరిట్‌తో తుడవాలి, వేలితో ముట్టకూడదు. ఎంత మడి! డిస్కు రాసుకుంటుంటే ప్యాడ్లుండే కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లీవర్ నొక్కిపట్టి బిగించాలి. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు లీవర్ నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి, మళ్లీ డిస్కు దూరదు. అందుకే ప్యాడ్ల మధ్యలో ముందే అట్టముక్క పెట్టాలి. ప్యాడ్ పూత అర మిల్లీమీటరుకు వస్తే మార్చాలట. మేమైతే ఇనుము తేలేదాకా తొక్కేవాళ్లం!

సరే, న్యాయం చెప్పుకోవాలి. వానలో మూసారాంబాగ్ వంతెన వైపు దిగేటప్పుడు తడిసిన రిమ్ము మీద మా రబ్బర్లు జారేవి, చెప్పులే బ్రేకులు. డిస్కు తడిలోనూ పడుతుంది. ఆపడంలో దానిదే పైచేయి. కానీ మా సైకిల్‌ను బాగుచేయడానికి ఏ గల్లీ అయినా చాలేది. దీన్ని చూపిస్తే మూలమీది మిస్త్రీ దండం పెట్టి పంపుతున్నాడు.

అందుకే మావాడికి చెప్పాను: "ఒరేయ్, ముందు నీ లీవర్ మూత మీద ఏ నూనె అని రాసుందో చదువు. అది తెలీకుండా పానా ముట్టావో, చూడు మరి!"