తలసరి పండితుడి తక్కెడ

తలసరి పండితుడికి పని తక్కువైనప్పుడు ప్రపంచ పటం ముందేసుకుని కూర్చుంటాడు. కళ్లు మూసుకుని రెండు వేళ్లు ఎక్కడో ఆనిస్తాడు. వేళ్ల కింద ఏ జనం పడితే ఆ జనాన్ని తూకమేస్తాడు. ఈసారి ఒక వేలు దక్షిణ అమెరికా నడిమధ్యన పరాగ్వే మీద పడింది. రెండోది అలాస్కా ఉత్తరపు కొసన ఇన్యుపియాట్ల మీద పడింది. మొదటిది అరవై లక్షల పైచిలుకు జనమున్న స్వతంత్ర దేశం. జెండా ఉంది, పార్లమెంటు ఉంది, సముద్రం లేకపోయినా నౌకాదళం కూడా ఉంది. రెండోది తిమింగలాలు వేటాడుకు బతికే జాతి, జనం వేలల్లోనే. వాళ్లున్న నేలను రష్యా 1867లో 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. అమ్మకం సంగతి వాళ్ల చెవిన వేయాలని కొన్నవాడికీ తోచలేదు, అమ్మినవాడికీ తోచలేదు.

పండితుడు తక్కెడ ఎత్తాడు. పరాగ్వే తలసరి ఆదాయం ఆరు వేల డాలర్ల ప్రాంతంలో తూగింది. అలాస్కాది అమెరికాలోనే పై వరస. తీర్పు క్షణాల్లో వచ్చేసింది: ఇన్యుపియాట్లు బాగుపడ్డారు, పరాగ్వేవాళ్లు వెనకబడ్డారు, వెనకబడ్డవాళ్లకు సంస్కరణలు అవసరం. సంస్కరణలేమిటో వేరే నివేదికలో రాస్తాడట, దానికి ఫీజు వేరు.

నాకు ఈ పోలికతో పేచీ లేదు. ఒంటెకూ పెంగ్విన్‌కూ పోలిక పెట్టినా ఏదో ఒకటి తెలుస్తుంది. పండితుడు తలలు లెక్కపెట్టి ఊరుకున్నాడన్నదే నా పేచీ. నేల చేతులు మారిన రోజున సంతకం ఎవరిది కావాల్సి వచ్చిందో చూస్తే చాలు, రెండు చోట్లా మిగతా కథ దానంతటదే విడిపోతుంది.

అలాస్కా సంగతి ముందు. 1968లో ప్రూడో బేలో చమురు పడింది. మరుసటి ఏడు సెప్టెంబరు 10న యాంకరేజ్‌లో వేలం పెట్టి, లీజుల మీద ఒక్క రోజులో 90 కోట్ల డాలర్లు రాష్ట్ర ఖజానాలో వేసుకున్నారు. అంతా బాగానే ఉంది, చమురును రేవుకు చేర్చాలంటే ఎనిమిది వందల మైళ్ల పైపులైన్ వేయాలి. దారి పొడుగునా ఆ నేల తమదేనంటున్న ఆదివాసులున్నారు. వాళ్ల హక్కు తేలేదాకా భూముల పంపకం ఆపాలని కేంద్రం 1966లోనే తాళం వేసి ఉంచింది. అప్పటిదాకా ఆదివాసులనే వాళ్లు ఉన్నారన్న సంగతే పట్టని చమురు కంపెనీలకు ఉన్నట్టుండి ధర్మం గుర్తొచ్చింది. పాపం, వీళ్లకు న్యాయం చేయండి, తొందరగా చేయండి అని వాషింగ్టన్‌లో వాళ్లే తిరగడం మొదలుపెట్టారు. వందేళ్లుగా కదలని న్యాయం పైపు అడ్డం పడేసరికి రెండేళ్లలో పరుగెత్తుకొచ్చింది.

1971 డిసెంబరు 18న అధ్యక్షుడు నిక్సన్ ఆ హక్కులు తేల్చే చట్టం మీద సంతకం పెట్టాడు. అలాస్కా ఆదివాసులందరికీ కలిపి 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు. మిగిలిన నేలంతటి మీదా హక్కు వదులుకోవాలి. ఆ నేల 30 కోట్ల ఎకరాలకు పైమాటే కాబట్టి లెక్క చూస్తే ఎకరం మూడు డాలర్లకు తెగింది. యాంకరేజ్‌లో ఒక్క రోజు వేలంలో వచ్చిన సొమ్ముకు కాస్త అటూ ఇటూగా ఒక రాష్ట్రం మొత్తం సెటిలైపోయిందన్నమాట. అందులోనూ 50 కోట్లు నేల కింది నుంచి తీసే ఖనిజాల రాయల్టీల్లోంచి వాయిదాల మీద ఇస్తారట. మన పెరట్లో కోసిన కాయలమ్మి మనకే బాకీ తీర్చడం అంటే ఇదే.

అసలు చమత్కారం ఆ తర్వాత ఉంది. భూమిని తెగకు ఇస్తే తెగ మిగిలిపోతుందని భయం కాబోలు, కంపెనీలకిచ్చారు. ఉత్తరపు కొసన ఆర్కిటిక్ స్లోప్ రీజినల్ కార్పొరేషన్ పుట్టింది. నిన్నటి వేటగాడు తెల్లారేసరికి వాటాదారుడయ్యాడు, తలకు వంద వాటాలు. డిసెంబరు 18 రాత్రి పన్నెండు లోపు పుట్టిన పిల్లకు వాటా ఉంది. పన్నెండు దాటి ఏడ్చిన పిల్లకు లేదు. తల్లో తండ్రో పోయాక వారసత్వంగా వస్తే రావాలి. నెప్పులు పడుతున్న తల్లి గడియారం వైపు కూడా చూసుకోవాల్సిన చట్టం ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది. ఆర్కిటిక్ స్లోప్ వాటాదారులు తర్వాత ఓటు వేసుకుని, వెనక పుట్టిన పిల్లలకు తలుపు తీశారు. ఆ బుద్ధి చట్టానిది కాదు, వాళ్లది.

అయితే ఇన్యుపియాట్లు చేసిన తెలివైన పని కార్పొరేషన్ కాదు. ఈబెన్ హాప్సన్ అనే నాయకుడు 1972లో నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వాన్ని నిలబెట్టి, దానికి మొదటి మేయరయ్యాడు. మన జిల్లా పరిషత్తు లాంటిదే, పన్ను వేసే అధికారం మాత్రం గట్టిది. ప్రూడో బే దాని సరిహద్దు లోపలే ఉంది. చమురు కంపెనీలు ఇలాంటిది కుదరదని కోర్టుకెక్కాయి, ఓడిపోయాయి. ఆ తర్వాత కోట్లాది డాలర్ల యంత్రాల మీద ఏటా ఆస్తిపన్ను కట్టాయి. హైస్కూలు చదువు కోసం పిల్లల్ని వేల మైళ్ల దూరం హాస్టళ్లకు పంపిన ఊళ్లలో ఆ పన్నుతో బడులు లేచాయి, క్లినిక్‌లొచ్చాయి, నీళ్ల గొట్టాలు పడ్డాయి. పండితుడి పట్టికలో ఇది 'సహజ వనరుల వల్ల ప్రగతి' అని ఉంటుంది. వనరు ఒక్కటే ప్రగతి తెస్తే పరాగ్వే ఎప్పుడో స్వర్గమయ్యేది.

అలాగని ఇన్యుపియాట్ల ఇంట బంగారం పండుతోందని కాదు. నోఆటాక్ అనే ఊరికి నది మేట వేసి పడవలు రావు కాబట్టి పెట్రోలు విమానంలో వస్తుంది. గాలను పది డాలర్లు దాటుతుంది. ఆ జిల్లాలోనే రెడ్ డాగ్ అని ప్రపంచంలోని పెద్ద జింకు గనుల్లో ఒకటుంది, అది ఇన్యుపియాట్ల మరో కార్పొరేషన్ నేల మీదే ఉంది. మంచుబండిలో పెట్రోలు లేనిదే వేటకు వెళ్లలేరు, వేటకు వెళ్లకపోతే దుకాణంలో కొనుక్కోవాలి, దుకాణంలో సరుకూ విమానంలోనే దిగాలి. డాలర్లలో వచ్చిన ఆదాయం డాలర్లలోనే ఆవిరైపోతుంది. తక్కెడలో ఆదాయం మాత్రమే తూగుతుంది, ఆవిరి తూగదు.

తిమింగలమూ తూగదు. ఉట్కియాగ్విక్‌లో (2016 దాకా బారో) తిమింగలం పడిందంటే ఊరంతా తాళ్లు పట్టి మంచు మీదికి లాగుతుంది. పడవలవారీగా పాళ్లు పడతాయి. నాయకుడి ఇంట్లో వండి వచ్చినవాళ్లందరికీ పెడతారు. జూన్‌లో నలుకాటాక్ పండగ నాడు మిగతా మాంసం, చర్మంతో ఉన్న కొవ్వు అందరికీ పంచుతారు. ఆ మాంసం అమ్మడానికి వీల్లేదు, కాబట్టి ధర లేదు, ధర లేదు కాబట్టి జాతీయాదాయంలో దాని విలువ సున్నా. టన్నుల కొద్దీ తిండి ఒక ఊరు ఊరంతా చలికాలం తిన్నా పండితుడి లెక్కన వాళ్లు పస్తున్నట్టే. అదే కుటుంబం ఆ వేటను మానేసి, విమానంలో దిగిన డబ్బా మాంసం కొనుక్కుంటే ఆర్థిక వ్యవస్థ పుంజుకుంటుంది.

ఇప్పుడు నుయిక్సుట్ ఊరి చుట్టూ చమురు బావులు. 2023 మార్చిలో బైడెన్ ప్రభుత్వం విల్లో ప్రాజెక్టుకు అనుమతిస్తే కార్పొరేషన్ సంతోషించింది, బరో సంతోషించింది, దగ్గరున్న ఊరి మేయర్ మాత్రం వద్దంది. డివిడెండు చెక్కు ఒక చేతికి, చమురు కాల్చిన పొగ వల్ల పలచబడే సముద్రపు మంచు రెండో చేతికి. ఒకే మనిషిని వాటాదారుగా నవ్వించి వేటగాడిగా ఏడిపించే ఏర్పాటు ఇది. దీనికి పండితుడు పెట్టిన పేరు సాధికారత.

ఇక పరాగ్వే. ఇక్కడ నేల కావాల్సినవాడు ఎవరి సంతకం కోసమూ ఆగాల్సిన పని పడలేదు. 1864 నుంచి 1870 దాకా బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే కలిసి చేసిన యుద్ధంలో దేశంలో మగాళ్లు చాలావరకు పోయారు. యుద్ధానికి ముందు నేలలో అత్యధిక భాగం సర్కారుది. రైతు తక్కువ కౌలుకు దున్నుకునేవాడు. ఖజానా దివాలా తీశాక 1883లో, 1885లో చట్టాలు చేసి ఆ నేలను అమ్మకానికి పెట్టారు. పేరుకు ఎవరైనా కొనవచ్చు. శవాలను లెక్కపెట్టుకుంటున్న విధవరాలు కూడా చట్టప్రకారం అర్హురాలే, డబ్బుంటే చాలు. డబ్బు విదేశాల్లో ఉంది. అర్జెంటీనాలో వ్యాపారం చేసే కార్లోస్ కసాడో ఒక్కడే చాకో ప్రాంతంలో యాభై లక్షల హెక్టార్లకు పైగా చేజిక్కించుకున్నాడు. అందులో కాపురముంటున్న ఆదివాసులు తాము ఒక కంపెనీ స్థలంలో అక్రమంగా ఉంటున్నామని తర్వాతెప్పుడో తెలుసుకున్నారు.

ఆ తర్వాత 1954 నుంచి 1989 దాకా జనరల్ స్ట్రోస్నర్. ఈయన భూసంస్కరణ చేశాడు, నిజంగానే చేశాడు. భూమి లేని నిరుపేదలకు ఇవ్వాల్సిన పట్టాలు మంత్రులకు, సైన్యాధికారులకు, స్నేహితులకు ఇచ్చాడు. సత్య, న్యాయ కమిషన్ 2008లో లెక్క తేల్చింది: 1954 నుంచి 2003 వరకు ఇలా అడ్డదారిన పోయిన నేల దాదాపు 78 లక్షల హెక్టార్లు. అదే ఏటి వ్యవసాయ గణన ప్రకారం సాగుభూమిలో 85 శాతం రెండున్నర శాతం మంది చేతుల్లో ఉంది. పండితుడు దీన్ని కూడా తలసరి చేసి చూపించాడు, అప్పుడు అందరికీ తలా ఇంత భూమి వచ్చింది.

కరెంటు కథ ఇంకా బాగుంటుంది. 1973లో బ్రెజిల్ నియంతా, పరాగ్వే నియంతా కూర్చుని పరానా నది మీద ఇతాయ్‌పు ఆనకట్టకు ఒప్పందం రాసుకున్నారు. 14,000 మెగావాట్లు, చెరి సగం. పరాగ్వే తన సగం వాడుకోలేకపోతే మిగిలింది బ్రెజిల్‌కే ఇవ్వాలి, మరో దేశానికి అమ్మకూడదు. ఒకే ఒక్క కొనుగోలుదారుడు ఉన్న సంతలో ధర ఎవరు చెబుతారో వేరే చెప్పాలా? 2009లో అధ్యక్షుడు లూగో ప్రభుత్వం గింజుకుంటే ఏడాది పరిహారం 12 కోట్ల డాలర్ల నుంచి 36 కోట్లకు పెరిగింది. మూడింతలు పెంచినా ఇచ్చేవాడికి నొప్పి తెలియలేదంటే అంతకుముందు ఎంత చౌకగా పోయిందో ఊహించుకోండి. ఆనకట్ట అప్పు 2023లో గానీ తీరలేదు. ఇంత విద్యుత్తు పుట్టే దేశంలో వాడే మొత్తం ఇంధనంలో ఇంచుమించు నలభై శాతం కట్టెలూ బొగ్గూనే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

సోయా రాజ్యం మాత్రం దివ్యంగా ఉంది. మన దేశానికీ పరాగ్వే సోయా నూనె వస్తుంది కాబట్టి మన బజ్జీల బాండీ కూడా ఈ కథకు పూర్తిగా పరాయిది కాదు. ముడి గింజల ఎగుమతి మీద పది శాతం పన్ను వేద్దామని 2013లో పార్లమెంటు అంటే అధ్యక్షుడు ఒరాసియో కార్తెస్ వీటో చేశాడు. దేశంలోని మహా సంపన్నుల్లో ఒకడాయన, పొగాకు వ్యాపారి. మరుసటి ఏడాది బ్రెజిల్ పారిశ్రామికవేత్తల ముందు నిలబడి పరాగ్వేను వాడుకోండి, విచ్చలవిడిగా వాడుకోండి అని నోరారా పిలిచాడు. హాప్సన్ చేసిన పనికి ఇది అద్దంలో తలకిందులు బొమ్మ. అక్కడ తెగ నాయకుడు కంపెనీ మీద పన్ను వేశాడు, ఇక్కడ దేశాధ్యక్షుడు కంపెనీల తరఫున పన్ను ఆపాడు. వ్యక్తిగత ఆదాయపు పన్ను చట్టం కూడా 2004లో పుట్టి 2012 దాకా వాయిదాల ఉయ్యాల్లో పడుకుంది.

నేల అడిగినవాళ్లకు మాత్రం వాయిదాలు లేవు. 2012 జూన్ 15న కురుగ్వాతి దగ్గర, సర్కారుదా పెద్దమనిషిదా తేలని రెండు వేల హెక్టార్లలో గుడిసెలు వేసుకున్న రైతుల్ని ఖాళీ చేయించబోతే కాల్పులు జరిగాయి. పదకొండు మంది రైతులు, ఆరుగురు పోలీసులు చనిపోయారు. సరిగ్గా వారానికి, అదే సాకుగా అధ్యక్షుడు లూగోను సెనేట్ దింపేసింది. తన వాదన వినిపించుకోవడానికి ఆయనకిచ్చిన గడువు రెండు గంటలు. రైతులకు శిక్షలు పడ్డాయి. 2018లో సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. చనిపోయిన రైతుల కేసులో విచారణే జరగలేదు.

చివరగా సావోయామాక్సా. చాకోలో ఎన్‌షెత్ ఆదివాసుల సమూహం. తాతల నేల ఒక జర్మన్ వ్యాపారి పశువుల బీడు అయింది. వీళ్లు తారు రోడ్డుకూ ఆ ముళ్లకంచెకూ మధ్యనున్న సన్నటి పట్టీలో డేరాలు వేసుకుని ఇరవై ఏళ్లకు పైగా బతికారు. కంచె అవతల ఆవులకు నీళ్లుండేవి, ఇవతల పిల్లలు మందులతో నయమయ్యే జబ్బులతోనే పోయారు. కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టుకు చేరితే ప్రభుత్వం చెప్పిన జవాబు చరిత్రలో నిలిచిపోవాలి: జర్మనీతో పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉందండీ, ఆ నేల తీసుకుంటే మాట తప్పినట్టవుతుంది. సొంత జనానికి రాజ్యాంగంలో రాసిచ్చిన మాట ఒప్పందం కిందికి రాదు కాబోలు. 2006లో కోర్టు ఆ వాదన కొట్టేసి, మూడేళ్లలో నేల ఇవ్వమంది. ఎనిమిదేళ్లు పట్టింది. ఇవ్వకపోతే విసిగి 2013లో వాళ్లే కంచె దాటి లోపలికి వెళ్లి కూర్చున్నారు. 2014లో 14,404 హెక్టార్లు వాళ్లకు దక్కేలా చట్టమొచ్చింది, సంతకం పెట్టింది ఆ 'వాడుకోండి' అన్న కార్తెసే.

ఆ ఏడాది పట్టికలో పరాగ్వే తలసరి ఆదాయం ఈ హెక్టార్ల వల్ల వెంట్రుకవాసి కూడా పెరగలేదు. పశువులు బయటికి వెళ్లి మనుషులు లోపలికి వచ్చారు కదా, కాస్త తగ్గిందనే పండితుడు నమోదు చేసుకుని ఉంటాడు.