నోబెల్ కషాయం

మన కషాయ వీరులకు 2015లో నోబెల్ వచ్చింది. పేరుకు అందుకున్నది చైనా శాస్త్రవేత్త తు యూయూ; అనుభవిస్తున్నది మాత్రం వీళ్ళు. మలేరియాకు ఆర్టెమిసినిన్ ఇచ్చింది మన దవనానికి చుట్టమైన మొక్కే కదా, కాబట్టి మా వేపాకు నీళ్ళు నులిపురుగుల్ని చంపుతాయి. తర్కం అయిపోయింది, సీసా కొనండి.

ఆవిడ చేసిన పనేమిటో చెబితే ముఖం తిప్పుకుంటారు. పాత గ్రంథాల్లోని యోగాలను వరసగా పరీక్షించి, పనిచేయనివాటిని అవతల పడేసింది. (పనిచేయనివీ ఉన్నాయి మరి!) ఈ మొక్కను మరిగిస్తే గుణం పోతోందేమోనని అనుమానించింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ నీళ్ళలో నానబెట్టి పిండుకుని తాగమన్నాడు గాని, కాచమనలేదు. అందుకే తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను తుడిచిపెట్టింది. 1972లో రోగులకంటే ముందు తానే మింగి చూసింది. ఆవిడ పేరు చెప్పుకుని మనవాళ్ళు చేసే మొదటి పని, దొరికిన ఆకునల్లా తెర్ల కాచడం.

"మొక్క కదండీ, హాని ఉండదు." అలాగా! వాములో ఉండే థైమాల్‌నే వందేళ్ళ కిందట అమెరికాలో కొంకిపురుగులకు వాడారు. పురుగులు పడ్డాయి, మోతాదు తప్పినచోట మనుషులూ పడ్డారు. ఏలికపాములకు ఇచ్చిన శాంటోనిన్ కూడా మొక్క సరుకే. అది మింగినవాళ్ళకు లోకమంతా పసుపు పూసినట్టు కనిపించేది. ఏ హానీ లేదని ఒట్టేసేవాడు ఏ గుణమూ లేదని కూడా ఒట్టేస్తున్నాడేమో చూసుకోండి.

ఆధారాలు బొత్తిగా లేవని కాదు. నైజీరియాలో 60 మంది పిల్లల్లో సగంమందికి బొప్పాయి గింజలపొడి కలిపిన తేనె, సగంమందికి వట్టి తేనె ఇచ్చారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. గింజలు తిన్నవాళ్ళలో ఎక్కువమందికి పురుగులు పోయాయి. చిన్న పరీక్ష, మంచి మొదలు. దాన్ని పెద్దది చేయాలంటే వందలమంది పిల్లల మలం మైక్రోస్కోపు కింద పెట్టి గుడ్లు లెక్కపెట్టాలి. అక్కడే మన వీరులు ముక్కు మూసుకుంటారు. ఈలోగా బడిలో ఊరికే ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ నులిపురుగుల బిళ్ళ రోజున పిల్లల్ని బడి మాన్పించి కషాయం పట్టే నాన్నలూ తయారయ్యారు. "అది కెమికల్ అండీ!" మరి థైమాల్ ఏమిటో.

సీసా ముందువైపు "నులిపురుగుల నిర్మూలన" అని పెద్దపెద్ద అక్షరాలు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదు". పేగులో పురుగు వెనకవైపే చదివినట్టుంది.